వ్యాయామం, మెదడు: ఏం తేలింది, ఇంకా ఏం తేలాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాయామం మెదడుకు మంచిదేనా అంటే, మంచిదేనని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఎవరికి, ఏ వయసులో, ఏ రకం, ఎంతసేపు అని అడగడం మొదలుపెడితే మాత్రం జవాబులు పలచబడతాయి. ఆ పలచబడిన చోట్లే ఇక్కడ ఎక్కువసేపు ఆగాను. పొద్దున్నే బూట్లు వేసుకుని పార్కులో నడిచేవాళ్లకే కాదు, సద్దిమూట పట్టుకుని పొలానికి నడిచేవాళ్లకూ ఈ పరిశోధన జవాబు చెప్పాలన్నది నా పట్టుదల.

వ్యాయామం మెదడుకు మేలు చేస్తుందని ఖాయంగా చెప్పొచ్చా?

కొన్ని విషయాల్లో చెప్పొచ్చు. కదలిక బీపీని, షుగర్‌ను అదుపులో ఉంచుతుంది. ఈ రెండూ అదుపు తప్పితే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఇందులో పెద్దగా తగాదా లేదు.

మనసు సంగతిలోనూ ఆధారం గట్టిదే. 1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్‌తో ఉన్న 156 మంది పెద్దవయసువాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వ్యాయామం, ఒక గుంపుకు డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్ మాత్ర, మూడో గుంపుకు రెండూ. 16 వారాల తర్వాత మూడు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. అలాగని డాక్టరు రాసిన మాత్ర ఎవరూ సొంతంగా మానేయకూడదు.

జ్ఞాపకశక్తి దగ్గరికి వచ్చేసరికే చిక్కు. వ్యాయామం మతిమరుపును ఆపుతుందా, డిమెన్షియాను (జ్ఞాపకం, బుద్ధి క్రమంగా క్షీణించే జబ్బును) వెనక్కి నెడుతుందా అన్న ప్రశ్నకు పరిశోధకులంతా ఒక మాట మీద లేరు.

నడిస్తే మెదడు పెరుగుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

ఆ మాటకు మూలం 2011లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం. కిర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది పెద్దలను రెండుగా విడదీసింది. సగం మంది వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల దాకా చురుగ్గా నడిచారు. మిగతా సగం ఒళ్లు సాగదీసే కసరత్తులు చేశారు. ఏడాది తర్వాత స్కానింగ్‌లో చూస్తే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ నడిచినవాళ్లలో సుమారు 2 శాతం పెరిగింది, రెండో గుంపులో 1.4 శాతం తగ్గింది. ఆ వయసులో అది ఏటేటా కుంచించుకుపోవడమే మామూలు కాబట్టి ప్రపంచమంతా ఈ ఫలితాన్ని గొప్పగా చెప్పుకుంది.

చాలామంది వదిలేసే సంగతి ఇంకొకటుంది. జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు గుంపులూ మెరుగయ్యాయి. నడిచిన గుంపు రెండో గుంపును దాటిపోలేదు. అంటే స్కానింగ్‌లో తేడా ఉంది, పరీక్షలో లేదు. మనిషికి కావలసింది మందు వేసుకున్నామా లేదా, తాళంచెవి ఎక్కడ పెట్టాం అన్నవి గుర్తుండటం కదా!

ఆ తర్వాత నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 70 దాటినవాళ్లను ఐదేళ్లు గమనించిన జనరేషన్ 100 అధ్యయనంలో, పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్ల మెదడు పరిమాణంలో అలాంటి మేలు కనబడలేదు. కాకపోతే పోల్చడానికి పెట్టుకున్న గుంపువాళ్లు కూడా దేశం ఇచ్చిన సలహా ప్రకారం బాగానే తిరుగుతున్నవాళ్లు. అందరూ నడిచే ఊళ్లో నడక విలువ తేల్చడం కష్టమే.

మెదడులో కొత్త కణాలు పుడతాయంటారు కదా?

ఎలుకల్లో పుడతాయి. 1999లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రియెట్ వాన్ ప్రాగ్, ఫ్రెడ్ గేజ్ బృందం చక్రం మీద పరుగెత్తిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు బాగా పెరిగినట్టు చూపింది. మనుషుల్లో ఇంకా వివాదమే. పెద్దల మెదడులో కొత్త కణాల జాడ ఉందని 1998లో ఒక అధ్యయనం చెప్పింది. 2018లో కొద్ది వారాల తేడాతో రెండు పేపర్లు వచ్చాయి. పెద్దయ్యాక కొత్త కణాలు దాదాపు కనబడవని ఒకటి, ముసలితనం దాకా పుడుతూనే ఉంటాయని మరొకటి. రెండూ ప్రధానంగా చనిపోయినవాళ్ల మెదడు కణజాలం మీద చేసినవే. బతికున్న మనిషి మెదడులో కొత్త కణాన్ని చూపించగల స్కానింగ్ వస్తే తప్ప ఈ తగువు తెగదు. కాబట్టి ‘పరుగెడితే కొత్త మెదడు కణాలు’ అని ఎవరైనా అంటే, ఆ మాట ఎలుకల దాకానే ఖాయం.

చురుగ్గా తిరిగేవాళ్లకు డిమెన్షియా తక్కువని లెక్కలున్నాయి కదా! ఇంకా అనుమానం దేనికి?

లెక్కలు ఉన్నాయి. అయితే ముందు ఏది, వెనక ఏది అన్నదే ప్రశ్న. తిరగడం మానేసినందుకు మతిమరుపు వచ్చిందా, మతిమరుపు మెల్లగా మొదలైనందుకు తిరగడం మానేశారా?

లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులు 10,308 మందిని దశాబ్దాల పాటు గమనించిన వైట్‌హాల్ 2 అధ్యయనం దీన్ని తవ్వి చూసింది. సుమారు 28 ఏళ్ల సమాచారంతో 2017లో వచ్చిన ఫలితం ఇది: నడివయసులో ఎంత చురుగ్గా ఉన్నారన్నదానికీ తర్వాత డిమెన్షియా రావడానికీ సంబంధం కనబడలేదు. పైగా జబ్బు బయటపడటానికి తొమ్మిదేళ్ల ముందు నుంచే ఆ మనుషుల కదలిక తగ్గుతూ వచ్చింది. నాలుగైదేళ్లు మాత్రమే గమనించే అధ్యయనాలకు ఇది అందదు. వాటికి మొదటి రోజు కనబడేది అప్పటికే జబ్బు పట్టడం మొదలైన మనిషి.

మరో వైపు 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాల జాబితా ఇచ్చింది. అందులో శరీర కదలిక లేకపోవడం ఒకటి. ఆ 14 కారణాలనూ పూర్తిగా తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని వాళ్ల అంచనా. ఆ 45 శాతం అన్నీ కలిపిన లెక్క. ఒక్క నడకతో వచ్చేది కాదు.

మరి ట్రయల్స్‌లో ఏం తేలింది?

చీటీ వేసి గుంపులు విడదీసి చేసే ట్రయల్స్ ఎక్కువ నమ్మదగినవి. అమెరికాలో లైఫ్ అనే ట్రయల్‌లో 70 నుంచి 89 ఏళ్ల మధ్య, ఎక్కువగా కూర్చునే ఉండే 1,635 మందిని తీసుకున్నారు. సగం మందికి రెండేళ్లు నడక, కండబలం, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు. సగం మందికి ఆరోగ్య పాఠాలు. 2015లో ఫలితం వచ్చింది. జ్ఞాపకశక్తిలో రెండు గుంపుల మధ్య తేడా లేదు.

అదే ఏడాది ఫిన్లాండ్ నుంచి ఫింగర్ ట్రయల్ ఫలితం వచ్చింది. మియా కివిపెల్టో బృందం 60–77 ఏళ్లవాళ్లు 1,260 మందిలో సగానికి వ్యాయామంతో పాటు ఆహారం, మెదడుకు పదునుపెట్టే అభ్యాసాలు, బీపీ, షుగర్ లాంటి వాటి మీద నిఘా అన్నీ కలిపి ఇచ్చింది. రెండేళ్లకు ఆ గుంపు ముందుంది. 2025లో అమెరికాలో 2,111 మందితో చేసిన పాయింటర్ ట్రయల్‌లోనూ, గట్టి పర్యవేక్షణలో ఈ పద్ధతి పాటించినవాళ్లు సొంతంగా పాటించినవాళ్ల కంటే కొంచెం ఎక్కువ మెరుగయ్యారు. సంతోషమే. కానీ ఆ మేలులో వ్యాయామం వాటా ఎంత? పప్పు రుచి చూసి అందులో ఇంగువ వంతు ఎంతో చెప్పమన్నట్టే ఉంటుంది.

2023లో 109 ట్రయల్స్‌ను, 11 వేలకు పైగా ఆరోగ్యవంతులను కలిపి చూసిన ఒక సమీక్ష ఇంకా కటువుగా మాట్లాడింది. పైకి చిన్న మేలు కనబడుతుంది. బాగున్న ఫలితాలే ఎక్కువగా అచ్చవుతాయన్న సంగతిని లెక్కలోకి తీసుకుంటే ఆ చిన్న మేలు కూడా దాదాపు మాయమవుతుంది. ఈ సమీక్ష చదివి నడక మానేయాలని నాకు అనిపించలేదు. ట్రయల్స్ ఇంకా పెద్దవిగా, ఇంకా ఎక్కువ కాలం జరగాలనిపించింది. జబ్బు లోపల పెరగడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంటే, ఆరు నెలల ట్రయల్ దాన్ని ఎలా పట్టుకుంటుంది?

మా అమ్మ రోజూ పొలం పనికి పోతుంది. ఆమెకు వేరే వ్యాయామం కావాలా?

ఈ ప్రశ్నకు పరిశోధన దగ్గర సరైన జవాబు లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే లోటు ఇదే.

ఇప్పటిదాకా చెప్పిన ట్రయల్స్ ఎక్కువగా సంపన్న దేశాల్లోని పెద్దవయసువాళ్ల మీద, తీరిక సమయంలో చేసే వ్యాయామం మీద జరిగినవి. నాట్లు వేసే, కలుపు తీసే, పత్తి ఏరే, ఇటుకలు మోసే మనుషులు వాటిలో కనబడరు. శ్రమ కూడా కదలికే కదా అనుకుంటాం. కానీ 1970ల్లో కోపెన్‌హేగన్ కంపెనీల్లో పనిచేసిన మగవాళ్లను చాలా ఏళ్లు గమనించిన అధ్యయనంలో, ఒళ్లు హూనమయ్యే పని చేసినవాళ్లకు డిమెన్షియా ముప్పు ఎక్కువగా కనబడింది. తీరిక వేళ వ్యాయామం చేసినవాళ్లలో పరిస్థితి వేరు. దీనికి ఎదురుగా బొలీవియా అడవుల్లోని చిమానే జనం ఉన్నారు. వేట, చేపలు, సేద్యంతో రోజంతా కదులుతూనే ఉంటారు. వాళ్లలో డిమెన్షియా చాలా తక్కువని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

మన మాటేమిటి? దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం 2023లో అంచనా వేసింది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. శ్రమ ఒక్కటే కాపాడేదైతే పల్లెల్లో తక్కువ ఉండాలి. చదువు అందకపోవడం, రక్తహీనత, చిన్నప్పటి తిండి కొరత, వైద్యం చేయని బీపీ, ఎండలో పని, పొయ్యి పొగ, విశ్రాంతి లేకపోవడం అన్నీ ఈ లెక్కలో కలిసిపోయి ఉన్నాయి. వీటిని విడదీసి చూసే పని ఎవరైనా మొదలుపెట్టాలి.

వంగి నాట్లు వేసే పని, రోజంతా కూర్చుని బీడీలు చుట్టే పని ఒకటి కాదు. ఇష్టపడి చేసే నడక, కూలి డబ్బుల కోసం తప్పక చేసే నడక మెదడుకు ఒకటేనా అన్నదీ తెలియాలి. మణికట్టుకు కట్టే కదలిక మీటర్లు ఎంత కదిలారో చెబుతాయి, నెత్తిన ఎంత బరువు మోశారో చెప్పవు.

మీ అమ్మగారి వరకు ఇప్పుడు చేయగలిగింది: బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించండి. చూపు, వినికిడి పరీక్ష చేయించండి (ఆ రెండింటి లోపమూ లాన్సెట్ జాబితాలో ఉంది). పని లేని రోజుల్లో నడక ఆపకుండా చూడండి. పని ఉన్న రోజు ఆమెకు కావలసింది విశ్రాంతి, కడుపునిండా తిండి.

ఇలాంటి పరిశోధన తెలుగు నేల మీద సాధ్యమేనా?

సాధ్యమే. దారి ముందే వేసి ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చెప్పింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఊరు కాబట్టే ఆ ప్రశ్న ఇక్కడ అడగగలిగారు, ప్రపంచం వినింది.

మరొకటి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో నడుపుతున్న ఏపీక్యాప్స్ అనే దీర్ఘకాల అధ్యయనం. 1987–90 మధ్య గర్భిణులకు అదనపు పోషకాహారం ఇచ్చిన పథకంతో మొదలై, ఆ పిల్లలను, తర్వాత వాళ్ల కుటుంబాలను గమనిస్తూ వచ్చింది. అప్పటి పిల్లలు ఇప్పుడు నడివయసుకు చేరుతున్నారు. మెదడు సంగతి చూడటం మొదలుపెట్టాల్సిన వయసు సరిగ్గా ఇదే. కడుపులో ఉన్నప్పటి తిండి నుంచి ఇప్పటి శ్రమ దాకా సమాచారం ఉన్న పల్లెలు ప్రపంచంలో అరుదు.

చదువు రానివాళ్ల జ్ఞాపకశక్తిని ఎలా కొలుస్తారు?

గడియారం బొమ్మ గీయమనీ, వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనీ అడిగే పరీక్షలు బడికి పోనివాళ్లకు అన్యాయం చేస్తాయి. బుద్ధి చురుగ్గా ఉన్న అవ్వకు కూడా మార్కులు తగ్గుతాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన పరీక్షల సముదాయం తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఉంది. అయితే వ్యాయామ ట్రయల్స్‌లో కావలసింది ఆరు నెలలకోసారి పెట్టినా చిన్న మార్పును పట్టుకునే పరీక్ష. సంతలో బేరం, చీటీపాట లెక్క, బంధుత్వాల వరస లాంటి రోజువారీ బుద్ధిని కొలిచేవి ఇంకా రావాలి.

నడక, బరువులు, యోగా: మెదడుకు ఏది మంచిది?

వీటిని ఒకదానితో ఒకటి నేరుగా పోల్చిన పెద్ద ట్రయల్స్ తక్కువ. వాంకూవర్‌లో తెరెసా లియు-ఆంబ్రోస్ బృందం 65–75 ఏళ్ల మహిళలు 155 మందితో ఏడాది పాటు బరువుల వ్యాయామం చేయించి, వారానికి ఒకటి రెండుసార్లు చేసినా ఏకాగ్రత పరీక్షల్లో మెరుగైనట్టు 2010లో చూపింది. మన దగ్గర పెద్దవయసు ఆడవాళ్లు బరువులు ఎత్తడమంటే నవ్వుతారు. నీళ్ల బిందె ఎత్తిన చేతులకు అదేం కొత్త కాదు.

యోగా మీద చిన్న అధ్యయనాలు చాలా ఉన్నాయి. ఇబ్బంది ఏమిటంటే, ఆసనం, ఊపిరి, ధ్యానం, గురువు మాట, తోటివాళ్ల సాంగత్యం అన్నీ కలిసే ఉంటాయి. యోగా మన సొంతం అన్న అభిమానం ఉన్నప్పుడు, దాన్ని పెద్ద ట్రయల్‌లో పెట్టి నిగ్గు తేల్చాల్సిన బాధ్యత కూడా మనదే.

ఎంతసేపు చేయాలి?

పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండబలానికి, 65 దాటితే మూడు రోజులు తూలిపోకుండా నిలబడే అభ్యాసాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం ఓ మోస్తరు కింద లెక్క. ఇది మొత్తం ఆరోగ్యానికి ఇచ్చిన మోతాదు. మెదడుకు ప్రత్యేకమైన మోతాదు ఎవరూ తేల్చలేదు.

ఎక్కువైతే ఇంకా మంచిదని అనుకోకూడదని అవర్ట్ ట్రయల్ నేర్పింది. పక్షవాతం వచ్చిన 2,104 మందిలో సగం మందిని 24 గంటల్లోపే లేపి, మామూలు కంటే ఎక్కువసార్లు కదిలించారు. మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు ఆ గుంపులో 46 శాతం, మామూలు వైద్యం అందినవాళ్లలో 50 శాతం. మంచి ఉద్దేశంతో చేసిన పని కొందరికి మంచి చేయలేదు. పక్షవాతం తర్వాత ఎప్పుడు, ఎంత కదిలించాలో డాక్టరును, ఫిజియోథెరపిస్టును అడిగే చేయండి.

ఇప్పటికే డిమెన్షియా ఉన్న నాన్నగారికి వ్యాయామం పనికొస్తుందా?

జబ్బును ఆపుతుందన్న ఆశతో మొదలుపెట్టొద్దు. ఇంగ్లండులో 494 మందితో చేసిన డాపా ట్రయల్ 2018లో వచ్చింది. కాస్త గట్టి వ్యాయామంతో వాళ్ల ఒంటి సత్తువ పెరిగింది కానీ మతిమరుపు నెమ్మదించలేదు. పరీక్ష మార్కులు కొద్దిగా తగ్గాయి కూడా.

అయినా ఆయన్ని రోజూ సాయంత్రం వీధి చివరిదాకా నడిపించండి. కాళ్లలో బలం ఉంటే పడిపోయే ప్రమాదం తగ్గుతుంది, పగలు కదిలితే రాత్రి నిద్ర కొంత నయం. ఆయనతో నడిచే మీకూ ఊపిరి తిరుగుతుంది. చూసుకునేవాళ్ల ఆరోగ్యం మీద వ్యాయామ పరిశోధన చాలా తక్కువ. మన ఇళ్లలో ఆ భారం ఎక్కువగా మోసేది కోడలో కూతురో. వాళ్ల నడుము నొప్పి, నిద్రలేమి, దిగులు ఏ ట్రయల్ లెక్కలోకీ సరిగ్గా రావడం లేదు.

పార్కిన్సన్స్‌కు?

వణుకు తెచ్చి, కదలికలను నెమ్మదింపజేసే ఈ మెదడు జబ్బులో ఆశ ఎక్కువ. 2018లో వచ్చిన స్పార్క్స్ ట్రయల్‌లో, జబ్బు తొలిదశలో ఉండి ఇంకా మందులు మొదలుపెట్టని 128 మంది పాల్గొన్నారు. ట్రెడ్‌మిల్ మీద గట్టి వేగంతో నడిచినవాళ్లలో ఆరు నెలలకు కదలికల ఇబ్బంది దాదాపు పెరగలేదు. అది రెండో దశ ట్రయల్ మాత్రమే. మూడో దశ పెద్ద ట్రయల్ దీన్ని ఖాయపరచాలి.

వ్యాయామం చేయలేనివాళ్లకు అదే ఫలితం ఇచ్చే మాత్ర వస్తుందా?

వెతుకుతున్నారు. కండరాలు, కాలేయం వ్యాయామ సమయంలో రక్తంలోకి వదిలే పదార్థాలు మెదడు మీద పనిచేస్తాయి. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు పరుగెత్తిన ఎలుకల రక్తంలోని ప్లాస్మాను కదలని ముసలి ఎలుకలకు ఎక్కిస్తే వాటి జ్ఞాపకశక్తి మెరుగైంది. దాని వెనక కాలేయం నుంచి వచ్చే జీపీఎల్‌డీ1 అనే ఎంజైము ఉందని తేల్చారు. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే మోట్రాప్యాక్ ప్రాజెక్టు వ్యాయామంతో ఒంట్లో వేర్వేరు అవయవాల్లో ఏం మారుతుందో నమోదు చేస్తోంది. మంచానికే పరిమితమైనవాళ్లకు ఇలాంటి మందు వస్తే వరమే. మనుషుల దాకా రావడానికి చాలా దూరం ఉంది.

పిల్లల సంగతేంటి?

అమెరికాలోని ఇల్లినాయిలో 7–9 ఏళ్ల పిల్లలు 221 మందితో చేసిన ట్రయల్‌లో, బడి అయ్యాక తొమ్మిది నెలలు ఆటలాడించిన గుంపు ఏకాగ్రత పరీక్షల్లో ముందుంది (2014). పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చోబెట్టే మన ఇంటర్ హాస్టళ్లలో ఇలాంటి ట్రయల్ తప్పకుండా జరగాలి. రోజుకు గంట ఆట ఇస్తే మార్కులు తగ్గుతాయా, పెరుగుతాయా, దిగులు ఎంత తగ్గుతుంది అన్నది ఊహలతో కాక అంకెలతో తేలితే, ఆటస్థలం అడిగే తల్లిదండ్రుల చేతికి ఒక ఆధారం దొరుకుతుంది.

నడక మీద పరిశోధనకు డబ్బు ఎవరు పెడతారు?

నడకకు పేటెంట్ లేదు కాబట్టి మందుల కంపెనీలకు ఆసక్తి ఉండదు. పదేళ్ల ట్రయల్ కావాలంటే ప్రభుత్వ నిధులే దిక్కు. నన్నడిగితే మొదటి రూపాయి పల్లెల్లో పనిచేసే ఆడవాళ్ల అధ్యయనానికి పెట్టాలి. రెండోది, నలభైల్లో మొదలుపెట్టి దీర్ఘకాలం నడిపే ట్రయల్‌కు. స్కానింగ్ యంత్రాలు ఆ తర్వాత.

ఇలాంటి అధ్యయనంలో మేమూ చేరొచ్చా?

చేరొచ్చు. మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి మనిషిని చేర్చుకునే ముందే ట్రయల్‌ను అక్కడ నమోదు చేయాలన్న నియమం ఉంది. చేరే ముందు సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి. చదవడం రానివాళ్లకు సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఎన్ని నెలలు, వారానికి ఎన్నిసార్లు రావాలి, దారి ఖర్చులు ఎవరివి, దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారు, నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా అని అడగండి. మానేసే హక్కు ఎప్పుడూ మీదే. అందుకు మీకు మామూలుగా అందే వైద్యం ఆపకూడదు. ఫలితాలు వచ్చాక వాటిని మీ ఊరికొచ్చి మీ భాషలో చెబుతారా అని కూడా అడగండి.